శీతాకాలపు రాత్రి కొయోటీ వేట: పిలుపుకు ఊళ వేసి, దగ్గరకు రాకుండా మొరిగి వెళ్ళిపోతే

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: టెక్సస్‌లో చిల్డ్రెస్ దగ్గరున్న స్నేహితుడి రాంచ్‌లో (పశువుల క్షేత్రంలో) డిసెంబరు రాత్రుల్లో ట్రక్కు పక్కనే ఎలక్ట్రానిక్ కాలర్ (జంతువుల అరుపులను వినిపించే స్పీకర్) పెట్టి, కుందేలు ఆర్తనాదాన్ని పూర్తి శబ్దంతో వినిపించారు. చుట్టుపక్కల కొయోటీలు (నక్క, తోడేలు కుటుంబానికి చెందిన అమెరికా అడవి జంతువులు) ఊళ వేశాయి గానీ ఒక్కటీ మీ ఎర్ర లైటు వెలుగులోకి రాలేదు. చివరకు చీకట్లో ఎక్కడినుంచో ఒకటి అదేపనిగా మొరిగింది, ఆ తర్వాత అంతా సద్దుమణిగిపోయింది. ఏ శబ్దం వాడాలి, థర్మల్ స్కోప్ (ఒంటి వేడిని బట్టి చీకట్లో జంతువును చూపే, రైఫిల్ మీద బిగించే దుర్భిణి) కొంటే ప్రయోజనం ఉంటుందా, హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి ఈ వేట చట్టరీత్యా కుదురుతుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు. ఉత్తర టెక్సస్ రాంచ్‌లలో చాలా ఏళ్ళుగా చలికాలపు రాత్రుల్లో ఈ వేట చేస్తున్నవాడిగా నాకు తెలిసినంతవరకు చెబుతాను.

చట్టం సంగతి ముందు తేల్చుకుందాం, అది తేలనిదే మిగిలినవాటితో పని లేదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద దేశంలోకి వచ్చినవారి దగ్గర తుపాకి గానీ తూటాలు గానీ ఉండటమే నేరం. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనవాళ్ళకు పనికొచ్చేది ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. స్నేహితుడి రైఫిల్‌ను కాసేపు చేతిలోకి తీసుకున్నా ఇదే నిబంధన వర్తిస్తుంది కాబట్టి, లైసెన్సు తీసుకున్న తర్వాతే రాంచ్‌కు వెళ్ళండి. టెక్సస్ వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1 నాటికి కొత్తది తీసుకోకపోతే, మీరు వేటకు వెళ్ళకపోయినా సరే, అల్మరాలో ఉన్న తుపాకే మీ మీద కేసు అవుతుంది. ఈ తేదీని మరిచిపోయేవారు చాలామంది ఉంటారు గనుక నొక్కి చెబుతున్నాను. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ వీసా చిక్కు లేదు. మీ కాగితాల్లో ఏ చిన్న మెలిక ఉన్నా ముందుగా న్యాయవాదిని అడగండి.

టెక్సస్‌లో కొయోటీని గేమ్ జంతువుగా (సీజన్, పరిమితులు పెట్టి వేటాడనిచ్చే జంతువుగా) పరిగణించరు. దానికి వేట సీజన్ లేదు, సంఖ్యా పరిమితి లేదు. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో పగలైనా రాత్రయినా, లైటుతోనైనా థర్మల్‌తోనైనా, ఎలక్ట్రానిక్ కాలర్‌తోనైనా వేటాడవచ్చు. పబ్లిక్ రోడ్డు మీద నుంచి గానీ దాని పక్క స్థలం నుంచి గానీ వేటాడకూడదు. రాత్రి వేటకు వెళ్ళేముందు ఆ కౌంటీ గేమ్ వార్డెన్‌కు (వేట నిబంధనలు అమలు చేసే అధికారికి) ఫోన్ చేసి ఎక్కడ, ఎవరి భూమిలో, ఏ వాహనంతో ఉంటారో చెప్పడం మంచి అలవాటు. పొలాల్లో లైట్లు కదులుతున్నాయని, తుపాకి చప్పుళ్ళు వినిపిస్తున్నాయని ఎవరైనా ఫిర్యాదు చేసినా ఆయన కంగారుపడి పరుగెత్తుకురావలసిన అవసరం ఉండదు. మీ స్నేహితుడి ఊరి నుంచి రెడ్ రివర్ దాటితే ఓక్లహోమా. నది అవతల నిబంధనలు వేరు, కాన్సస్‌లో ఇంకా వేరు, అక్కడ రాత్రి పరికరాలకు ప్రత్యేక అనుమతి ఉండాలి, నెలల పరిమితి కూడా ఉంటుంది. కాబట్టి ఒక రాష్ట్రంలో నేర్చుకున్నదాన్ని మరో రాష్ట్రంలో పాటించకుండా, ఆ ఏటి నిబంధనల పుస్తకాన్ని చదువుకునే వెళ్ళండి.

ఇక అసలు విషయానికి వస్తే, మీరు విన్న ఆ మొరుగుడులోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. కొయోటీ గట్టిగా, తెంపుతెంపులుగా మొరిగి, మధ్యలో చిన్న ఊళతో ముగిస్తూ, ఉన్నచోటే నిలబడి దాన్ని కొనసాగిస్తోందంటే అది సాటి కొయోటీలకు హెచ్చరిక చేస్తోందని అర్థం. అంటే అది మిమ్మల్ని వాసనతోనో చూపుతోనో పసిగట్టింది. పసిగట్టేంత దగ్గరకు వచ్చిందంటే మీ కుందేలు శబ్దం తన పని తాను చేసినట్టే. కొత్త శబ్దాలు కొని కాలర్ నింపుకున్నా ఆ రాత్రి ఫలితం మారేది కాదు. థర్మల్ స్కోప్ ఉండి ఉంటే అది ఎక్కడ నిలబడి మొరుగుతోందో మీకు కనిపించేది, అంతే. మార్చుకోవలసినవి మీరు కూర్చున్న చోటు, అక్కడికి వెళ్ళిన తీరు.

ఈ వేటలో గాలి మీద పెట్టినంత దృష్టి మరి దేనిమీదా పెట్టనక్కరలేదని నా నమ్మకం. పిలుపు విన్న కొయోటీ, అందులోనూ ఏడాది దాటినది, శబ్దం వైపు తిన్నగా రాదు. కొంత దూరం వచ్చాక పక్కకు తిరిగి, శబ్దం వచ్చేచోటుకు గాలి దిగువకు, అంటే గాలి వీచి వెళ్ళే వైపుకు, చేరుకుంటుంది. అక్కడ నిలబడి ముక్కు పైకెత్తి, కుందేలు వాసన తగులుతుందేమోనని చూస్తుంది. థర్మల్‌లో గమనిస్తే ఈ మలుపు చక్కగా తెలుస్తుంది: మూడు వందల గజాల దూరంలో చకచకా నడుస్తున్న తెల్లటి ఆకారం నెమ్మదిస్తుంది, తల ఒక్కసారి మీ వైపు తిప్పుతుంది, తర్వాత మీకు అడ్డంగా కదలడం మొదలుపెడుతుంది. అది ఆ వంపు దారిని పూర్తి చేసి మీ వాసనను మోసే గాలిలోకి అడుగుపెట్టేలోపే మీకు గురి దొరకాలి. గాలిలోకి వచ్చాక ఒక్క క్షణం చాలు, తోక కాళ్ళ మధ్యకు వెళుతుంది, ఆ జంతువు ఆ శబ్దాన్ని ఇక చాలాకాలం నమ్మదు.

అందుకని కాలర్‌ను ట్రక్కు పక్కన గానీ మీ కాళ్ళ దగ్గర గానీ పెట్టుకోకూడదు. గాలి మీకు ఒక పక్క నుంచి మరో పక్కకు వీచేలా కూర్చోండి. కాలర్‌ను మీకు నలభై నుంచి అరవై గజాల దూరంలో గాలి ఎగువన పెట్టండి. కొయోటీ చుట్టు తిరిగి కాలర్‌కు గాలి దిగువకు రావాలంటే కాలర్‌కూ మీకూ మధ్య, లేదా మీ ముందున్న ఖాళీ నేల మీద నడిచి తీరాలి. ఆ నేల చదునుగా, గడ్డి పొట్టిగా ఉన్న గోధుమ చేనో, పత్తి తీసేసిన పొలమో అయితే మరీ మంచిది. మెస్కీట్ పొదలు ఆ వైపు ఉంటే అది వాటి చాటున నడిచి మీకు కనబడకుండానే మీ వాసన పట్టేస్తుంది. (మెస్కీట్ మన ఊళ్ళలో పెరిగే సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే కాబట్టి, దాని చాటు ఎంత దట్టంగా ఉంటుందో, ముళ్ళు బూటు అడుగులోకి ఎలా దిగుతాయో మీకు వేరే చెప్పనక్కరలేదు.) మీ ముందున్న నేలనంతటినీ చూస్తూనే, గాలి దిగువ వైపును మాత్రం ఒక నిమిషానికి మించి వదిలిపెట్టకండి. ఇద్దరు వెళితే ఒకరి పని పూర్తిగా అదే.

గంటకు ఐదు నుంచి పది మైళ్ళ వేగంతో ఒకే దిక్కు నుంచి నిలకడగా వీచే గాలి ఈ పనికి అన్నిటికంటే అనుకూలం. పదిహేను దాటితే శబ్దం చేరదు, కొయోటీలు కూడా కదలడానికి ఇష్టపడవు. గాలి లేని రాత్రి మంచిదని కొత్తవాళ్ళు అనుకుంటారు, నిజానికి చలికాలంలో అది చిక్కులు తెచ్చే రాత్రి. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు నేల వేగంగా చల్లబడుతుంది, దానికి ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, పల్లానికి నీళ్ళలా జారి వాగుల్లోకి, లోతట్టుల్లోకి దిగుతుంది. మీరు గట్టు మీద కూర్చున్నారనుకోండి, మీ వాసన ఆ చల్లగాలితో పాటు కింద వాగులోకి పారుతుంది, కొయోటీలు నడిచే దారి అదే. గాలిసూచికలో కదలిక లేదని ధైర్యపడి కూర్చున్న చోటే దొరికిపోవడానికి ఇది పెద్ద కారణం. చిన్న సీసాలో టాల్కం పౌడర్ ఉంచుకుని, కూర్చునే చోట ఎర్ర లైటులో కాస్త చల్లి చూడండి. అది ఎటు పాకుతోందో చూశాకే కాలర్ ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోండి.

అదే నిశ్చల వాతావరణం శబ్దాన్ని మాత్రం చాలా దూరం మోస్తుంది. కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి ఉన్నప్పుడు పైకి పోవలసిన శబ్దం మళ్ళీ నేల వైపు వంగుతుంది. పిలుపు ఒక మైలు దాటి వినిపించడానికి, మీ ట్రక్కు తలుపు చప్పుడు కూడా అంతే దూరం వినిపించడానికి కారణం ఇదే. ట్రక్కును వేట చోటికి కనీసం మూడు, నాలుగు వందల గజాల దూరంలో, ఏదైనా గట్టు చాటున ఆపండి. తలుపును విసిరి వేయకుండా నొక్కి మూయండి. లోపలి దీపం వెలగకుండా చూసుకోండి. గేటు గొలుసు చేత్తో పట్టుకుని తీయండి. నడిచి వెళ్ళేటప్పుడు కూడా గాలికి ఎదురుగానో అడ్డంగానో వెళ్ళాలి గానీ, మీరు పిలవబోయే నేల మీదుగా మీ వాసనను ముందే పంపకూడదు. అనువైన చోటుకు గాలి అనుకూలంగా లేకపోతే ఆ రాత్రి అక్కడికి వెళ్ళకుండా ఉండటమే మేలు.

వాతావరణం గురించి ఇంకొక్క మాట. ఈ ప్రాంతానికి ఉత్తరం నుంచి దూసుకొచ్చే చలిగాలిని ఇక్కడివారు బ్లూ నార్దర్ అంటారు. అది వచ్చే రోజు ఎక్కువగా వృథా, ఎందుకంటే ఆ హోరులో ఎవరికీ ఏమీ వినిపించదు. అది దాటిపోయిన మర్నాడో, ఆ మర్నాడో గాలి తగ్గి, ఆకాశం విచ్చి, రాత్రి ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయి కిందికి పడిపోతుంది. రెండు రోజులు ముడుచుకుని పడుకున్న కొయోటీలు ఆకలితో లేచి తిరిగే రాత్రి అది. సెలవు పెట్టగలిగితే అప్పుడు పెట్టండి.

ఏ శబ్దం అన్న ప్రశ్నకు జవాబు నెలను బట్టి మారుతుంది. నవంబరు, డిసెంబరుల్లో ఆ ఏడు పుట్టిన పిల్లలు తల్లిదండ్రుల హద్దుల నుంచి విడిపోయి తెలియని నేల మీద తిరుగుతుంటాయి. వాటికి అనుభవం తక్కువ, ఆకలి ఎక్కువ. కుందేలు ఏడుపుకు, పొలం ఎలుక కిచకిచలకు పరుగున వచ్చేవి ఎక్కువగా ఇవే. జనవరి గడిచేకొద్దీ అటువంటివి తగ్గిపోతాయి, మిగిలినవి అప్పటికే ఆ శబ్దాన్ని ఒకటికి రెండుసార్లు విని జాగ్రత్తపడి ఉంటాయి. జనవరి చివరి నుంచి మార్చి మొదటి వరకు జతకట్టే కాలం, ఫిబ్రవరిలో అది ముమ్మరం. సుమారు 63 రోజుల గర్భం తర్వాత ఏప్రిల్‌లో, మే మొదట్లో పిల్లలు పుడతాయి. ఈ వారాల్లో జంటలకు తిండి కంటే హద్దు ముఖ్యం కాబట్టి, కుందేలు ఏడుపుకు కదలని ముదురు కొయోటీ సైతం, తన నేల మీద పరాయి ఊళ వినబడితే లేచి వస్తుంది. దాదాపు అదే సమయంలో చాలా రాంచ్‌లలో ఆవులు ఈనడం కూడా మొదలవుతుంది. ఈనాక పడే మాయను తినడానికి, బలహీనమైన దూడ దొరుకుతుందేమోనని కొయోటీలు ఆ పచ్చిక చుట్టూ రాత్రంతా తచ్చాడతాయి. రాంచ్ యజమానులు వేటగాళ్ళకు గేటు తెరిచేది కూడా ఎక్కువగా అప్పుడే.

కాబట్టి మీరు ఈ డిసెంబరులో కుందేలు శబ్దాన్నే ఉంచుకుని దాని తీవ్రతను తగ్గించండి. మొదటి రెండు నిమిషాలు చాలా మెల్లగా, పొలం ఎలుక కిచకిచలతో మొదలుపెట్టడం నా పద్ధతి. రెండు వందల గజాల్లో పడుకున్న జంతువును పూర్తి శబ్దంతో బెదరగొట్టే ప్రమాదం దానివల్ల తప్పుతుంది. తర్వాత కుందేలు ఏడుపును కొద్దికొద్దిగా పెంచుతూ, మధ్యమధ్య ఒకటి రెండు నిమిషాలు పూర్తిగా ఆపుతూ, మొత్తం పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోవాలి. ఆ విరామాల్లోనే చాలా కొయోటీలు కనిపిస్తాయి, ఎందుకో ఆగిపోయిన శబ్దం వాటిని ఇంకా దగ్గరకు లాగుతుంది. ఫిబ్రవరిలో ఒంటరి ఊళతో మొదలుపెట్టి, ఐదు నిమిషాలు ఏమీ చేయకుండా ఆగి, ఆడ కొయోటీ పిలుపు వినిపించి, ఇరవై ఐదు నిమిషాల దాకా ఓపిక పట్టండి. సవాలు విసిరే కోపపు ఊళను దూరం నుంచి వాడవద్దు. జంట నివాసానికి బాగా దగ్గరగా ఉన్నప్పుడు అది పనిచేస్తుంది గానీ, కుర్ర కొయోటీలు మాత్రం దాన్ని వింటే వెనక్కి తిరిగి పోతాయి. మీ పిలుపుకు ఊళ వేసినవి రాలేదని నిరాశపడకండి. ఊళ వేసిన గుంపు చాలాసార్లు తన చోటు చెబుతుందే తప్ప కదలదు, చప్పుడు లేకుండా వచ్చేది వేరే ఉంటుంది. ఆ ఊళ దిక్కును గుర్తుపెట్టుకుని, మరోరాత్రి గాలి చూసుకుని దానికి దగ్గరగా వెళ్ళి పిలవండి.

నోటితో ఊదే పిలుపు ఈల ఒకటి జేబులో ఉండాలి. కాలర్ బ్యాటరీ చలికి చచ్చిపోయిన రాత్రి అదే దిక్కు. అయితే లోహపు రీడ్ (ఊదితే కంపించి శబ్దం చేసే పలుచని రేకు) ఉన్నవాటిలో ఊపిరి తడి చేరి, గడ్డకట్టి, రెండో చోట పిలిచే సరికి చప్పుడు కూడా రాదు. దాన్ని పై జేబులో కాకుండా లోపలి చొక్కాలో ఒంటికి ఆనేలా ఉంచుకోండి. రీడ్ బయటికి కనబడే రకమైతే బొటనవేలితో తుడిచి వాడుకోవచ్చు.

ఇప్పుడు పరికరాలు. ఎర్ర లైటుతో ఈ వేట ఎన్నో ఏళ్ళుగా జరుగుతోంది, ఇప్పటికీ జరుగుతుంది. అయితే లైటు మధ్యభాగాన్ని జంతువు మీద వేయకుండా నేలకు పైగా ఎత్తి పట్టి, దాని అంచు వెలుగు మాత్రమే గడ్డి మీద పడేలా తిప్పుతూ ఉండాలి. కళ్ళు మెరవడానికి అంత వెలుగు చాలు. చీకట్లో చూపే కెమెరా వంటి డిజిటల్ నైట్ విజన్‌కు ఇన్‌ఫ్రారెడ్ దీపం కావాలి. 850 నానోమీటర్ల దీపం మందంగా ఎర్రగా కనబడుతుంది గానీ దూరం చేరుతుంది, 940 కనబడదు గానీ దూరం తగ్గుతుంది. పొగమంచులోనూ పొడవాటి గడ్డిలోనూ ఆ వెలుగు తిరిగి మన కంటికే కొడుతుంది. థర్మల్ వేడిని చూస్తుంది కాబట్టి దానికి ఏ దీపం అవసరం లేదు, పొడి చలిరాత్రి దాని సత్తా పూర్తిగా తెలుస్తుంది. పొద్దు గుంకిన మొదటి గంటల్లో రాళ్ళు, మట్టి గట్లు పగటి వేడిని ఇంకా వదలక మెరుస్తుంటాయి. రాత్రి గడిచేకొద్దీ నేపథ్యం చల్లబడి జంతువు ఆకారం స్పష్టమవుతుంది.

మీ బడ్జెట్‌లో ఒకటే కొనగలిగితే రైఫిల్ మీద బిగించే థర్మల్ స్కోప్‌ను వదిలి, చేత్తో పట్టుకుని చూసే థర్మల్ స్కానర్‌ను ముందు కొనండి. షాపులో దీనికి వ్యతిరేకంగా చెప్పవచ్చు. కానీ స్కోప్ ఒక్కటే ఉన్నవాడు చుట్టూ వెదకడానికి రైఫిల్‌నే చుట్టూ తిప్పుతాడు. అంటే ఆవుల మీదికి, కుక్కల మీదికి, దూరంగా ఉన్న ఇంటి మీదికి, కొన్నిసార్లు తోటి వేటగాడి మీదికి గుండు నింపిన తుపాకిని గురిపెట్టి, ఆ తర్వాత అదేమిటో తెలుసుకుంటాడు. ఆ అలవాటు నాకు ఎంత మాత్రం సమ్మతం కాదు. పెట్టె మీద రాసే "గుర్తించే దూరం" అంటే తెర మీద నాలుగు చుక్కల వెలుగు కనబడే దూరం మాత్రమే. అది కొయోటీయో దూడో తేల్చుకోగలిగే దూరం అందులో చిన్న భాగం. ఆ భాగాన్ని పెంచేవి సెన్సర్, లెన్సు. 384 పిక్సెళ్ళ వెడల్పు సెన్సర్ కంటే 640 పిక్సెళ్ళ సెన్సర్‌కు అంత ధర అందుకే. సెన్సర్ తనను తాను సరిచేసుకునేటప్పుడు లోపలి షటర్ "టిక్కు"మని కొట్టుకుంటుంది. యాభై గజాల్లో నిలబడిన కొయోటీ ఆ చప్పుడుకు తల ఎత్తడం మీరే చూస్తారు, కనుక ఆ పనిని మీరు బటన్ నొక్కితేనే జరిగేలా మార్చి, పిలుపు మొదలుపెట్టే ముందే కానిచ్చేయండి. థర్మల్‌కు అద్దంలోంచి కనబడదు కాబట్టి ట్రక్కులో కూర్చుని కిటికీ అద్దం ఎత్తి చూస్తే ఏమీ తెలియదు. ఇంకో సంగతి, ఇటువంటి పరికరాలు అమెరికా ఎగుమతి నియంత్రణ కిందకు వస్తాయి. సెలవులకు హైదరాబాదు వెళ్ళేటప్పుడు బావమరిదికి చూపిద్దామని సూట్‌కేసులో పెట్టుకోవద్దు. ఇండియాలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నక్కను వేటాడటం కూడా నేరమే కాబట్టి అక్కడ దాని ఉపయోగం కూడా లేదు.

థర్మల్ ఇచ్చే ధైర్యంలోనే పెద్ద ప్రమాదం ఉంది. ఆ తెరకు లోతు తెలియదు: దగ్గరలో కూర్చున్న కుందేలు, దూరంగా నిలబడిన కొయోటీ దాదాపు ఒకే పరిమాణంలో కనిపించవచ్చు. లేజర్‌తో దూరం కొలవకుండా ఏ ఆకారాన్నీ నమ్మకండి. దాని నడక చూడండి. కొయోటీ తోక దించి, వీపు కదలకుండా, తేలిపోతున్నట్టు నడుస్తుంది. కుక్క తోక తరచుగా పైకి లేస్తుంది, అది అటూ ఇటూ ఆగి ఆగి వస్తుంది. జింకకు కాళ్ళు పొడవు, తల పైకీ కిందికీ ఆడుతుంది. చిన్న నక్కలు బొచ్చుతోకతో, పిల్లిలా తేలికగా కదులుతాయి, వాటిని ఇక్కడ బొచ్చు జంతువుల జాబితాలో పెట్టారు, నిబంధనలు వేరు కనుక వాటిని వదిలేయండి. మేకలు, గొర్రెలు ఉన్న రాంచ్‌లలో గ్రేట్ పిరెనీస్ వంటి కాపలా కుక్కలు మందతోనే రాత్రంతా ఉంటాయి. మీరు వినిపించే ఆర్తనాదానికి మొదట పరుగెత్తి వచ్చేవి అవే, తమ పని తాము చేయడానికి. వెళ్ళిన ప్రతిసారీ యజమానిని అడగండి: ఈ రాత్రి ఏ పచ్చికలో పశువులు ఉన్నాయి, మీ కుక్కలు ఎన్ని, పొరుగువారి కుక్కలు ఇటు వస్తాయా, ఇంకెవరైనా వేటాడుతున్నారా. "ఏమో, కొయోటీలాగే ఉంది" అన్న దశలో వేలు ట్రిగ్గర్ దగ్గరకు పోకూడదు. సందేహం ఉన్న ఆకారాన్ని వదిలేయడం వల్ల పోయేది ఏమీ లేదు, అది కొయోటీ అయితే మరో రాత్రి వస్తుంది.

జంతువు వెనక ఏముందన్నది అంతకంటే ముఖ్యం. థర్మల్‌లో ముళ్ళకంచె కనబడదు, చల్లబడిన ట్రాక్టరు కనబడకపోవచ్చు, మైలు దూరాన ఉన్న ఇంటి కిటికీ తెర మీదికి రాదు. .223 రకం రైఫిల్ తూటా మైలున్నరకు మించి పోగలదు. అందుకని మొదటిసారి వెళ్ళే చోటును పగలు చూసి రండి. ఇళ్ళు, రోడ్లు, పంపు సెట్లు, పశువుల తొట్లు ఏ దిక్కున ఉన్నాయో కాగితం మీద గీసుకుని, ఏ దిక్కుకు కాల్చవచ్చో, ఏ దిక్కుకు చచ్చినా కాల్చకూడదో తోడు వచ్చినవారితో ముందే అనుకోండి. కొంచెం ఎత్తున కూర్చుంటే తూటా నేలలోకి దిగుతుంది. గట్టు శిఖరం మీద ఆకాశానికి ఎదురుగా నిలబడిన కొయోటీని, అది ఎంత దగ్గరగా ఉన్నా, కాల్చకూడదు.

తుపాకి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. .223 రెమింగ్టన్‌లో 55 గ్రెయిన్ల (గ్రెయిన్ తూటా బరువు కొలత) తూటా ఈ జంతువుకు సరిపోతుంది. గాలి ఎక్కువగా ఉండే చోట .22-250 గానీ .243 గానీ తీసుకోవచ్చు. వంద గజాలకు గురి సరిచేసి, రాత్రివేళ నూట యాభై గజాలు దాటి కాల్చకుండా ఉండండి. ట్రైపాడ్ తప్పనిసరి. నడుస్తున్న కొయోటీని ఆపడానికి నోటితో మెల్లగా ఒక మొరుగు చాలు. అది ఆగిన రెండు క్షణాల్లో భుజం వెనక గురి కుదరకపోతే వదిలేయండి. తూటా తగిలిందో లేదో చూసేలోపు చాలామంది లేచి నిలబడతారు. అలా చేయకుండా, కాలర్‌లో కొయోటీ పిల్ల ఏడుపు పెట్టి మరో ఐదు నిమిషాలు కదలకుండా ఉండండి, జంటలో రెండోది తరచుగా తిరిగి చూస్తుంది. తర్వాత వెళ్ళి పడినదాన్ని వెతకండి. గాయపడినదని అనుమానం ఉంటే ఆ రాత్రికి మిగిలిన వేట ఆపి దాన్ని కనుక్కోవడమే పని. మరో చోటికి వెళ్ళాలంటే కనీసం ముప్పావు మైలో మైలో దూరం జరగాలి.

మీ స్నేహితుడు కొయోటీలను రాంచ్ నుంచి తుడిచిపెట్టమన్నారని రాశారు. అది జరిగే పని కాదని ఆయనకు చెప్పండి. 1975లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన కానలీ, లాంగ్‌హర్స్ట్ వేసిన లెక్కల ప్రకారం ఏటా దాదాపు నాలుగింట మూడు వంతుల కొయోటీలను చంపుతూ పోతే తప్ప వాటి సంఖ్య నిలకడగా పడిపోదు. ఖాళీ అయిన నేలకు పక్కనుంచి కొత్తవి వస్తాయి, మిగిలినవాటి పిల్లలు ఎక్కువగా బతుకుతాయి. అయితే ఆవులు ఈనడానికి కొద్ది వారాల ముందు, ఆ ఒక్క పచ్చిక చుట్టూ తిరిగే జంటను తీసేస్తే ఆ ఏటి దూడలకు నష్టం తగ్గుతుంది. కాబట్టి డిసెంబరులో రాంచ్ అంతటా తిరిగి ప్రతి కొయోటీకీ మీ కాలర్ వినిపించి పాఠం నేర్పే బదులు, జనవరి చివరి నుంచి ఆ పచ్చిక మీద దృష్టి పెట్టడం ఆయనకు ఎక్కువ ఉపకారం. చర్మాల మీద డబ్బు వస్తుందన్న ఆశ మాత్రం వద్దు. 2021లో చలికోట్లు తయారుచేసే కెనడా గూస్ సంస్థ బొచ్చు కొనడం మానేస్తున్నట్టు ప్రకటించాక కొయోటీ చర్మానికి ఉన్న పెద్ద గిరాకీ పోయింది. పైగా టెక్సస్ కొయోటీ బొచ్చు చలి ఎక్కువైన ఉత్తర రాష్ట్రాలు మోంటానా, డకోటాల కొయోటీల బొచ్చంత దట్టంగా ఉండదు.

చలికి సంబంధించిన రెండు మూడు సంగతులు. లిథియం-అయాన్ బ్యాటరీలు చలిలో త్వరగా దిగిపోతాయి, అదనపు వాటిని లోపలి జేబులో ఉంచండి. చల్లబడిన స్కోప్‌ను వెచ్చటి ట్రక్కులోకి, ఇంట్లోకి తెస్తే తడి పడుతుంది, కాబట్టి బయటే దాని పెట్టెలో పెట్టి మూసి, లోపలికి తెచ్చాక గంట దాకా తెరవకండి. కన్ను ఆనించే ఐపీస్ మీద ఊపిరి పడితే అది మసకబారుతుంది, మెడ గుడ్డను ముక్కు కిందికి దించి కట్టుకోండి. చచ్చిన కొయోటీని ఉత్త చేతులతో పట్టుకోవద్దు. గజ్జి పట్టి బొచ్చు రాలినవి ఈ ప్రాంతంలో కనబడుతుంటాయి, రేబిస్ భయం ఎలాగూ ఉంది. రబ్బరు గ్లవ్స్ ఒక జత ఎప్పుడూ సంచిలో ఉంచండి. కళేబరాన్ని ఎక్కడ వేయాలో యజమానిని ముందే అడిగి అక్కడే వేయండి, రోడ్డు పక్క గుంటలో పారేయవద్దు. తిరిగి వచ్చేటప్పుడు గేట్లు తెరిచి ఉన్నవి తెరిచే, మూసి ఉన్నవి మూసే ఉంచి, పొద్దున్నే ఆయనకు ఎన్ని కనబడ్డాయో, ఏ కంచె పక్కన ఏ దిక్కు నుంచి వచ్చాయో ఒక మెసేజ్ పెట్టండి.